హవాకు పోయిన మూత

పోయిన నెలలో మా చెల్లెలి మనవరాలు ఏదో పని మీద కోఠీ వెళ్తూ, దారిలో నన్ను అబిడ్స్‌లోని ఒక కొత్త దుకాణంలో దింపి, గంటలో వచ్చేస్తాను, ఈలోగా చల్లగా తిరుగుతూ ఉండమని చెప్పి పోయింది. చల్లదనానికి లోటు లేదు గానీ అంత పెద్ద దుకాణంలో నాకు కొనవలసింది ఒక్కటీ కనిపించలేదు. ఒక సబ్బు తీసి వాసన చూసి పెట్టేశాను. ఒక దువ్వెన తీసి అటూ ఇటూ తిప్పి పెట్టేశాను. కాసేపటికి నా వెనక ఒక అమ్మాయి నడుస్తున్నదని తెలిసింది. నేను ఆగితే ఆగుతుంది, నేను కదిలితే ఏవో డబ్బాలు సర్దుతున్నట్టు నటిస్తూ తనూ కదులుతుంది. నా చేతిసంచీ మీదే ఉంది ఆ పిల్ల చూపంతా. మా ఈడువాళ్లు వింటే నవ్వుతారేమో, నాకు కోపం రాలేదు సరికదా కొంచెం సంతోషం కూడా కలిగింది. ఎనభైకి దగ్గరపడ్డ ముసలిదాన్ని దొంగ అనుకోవడానికైనా ఒకరు నా వెంట నడిచారు కదా! ఈ మధ్య నా వెంట నడిచేవాళ్లు ఎవరున్నారు గనక. పైగా ఆ పిల్ల ఉద్యోగానికి కొత్త అని నాకు ఇట్టే తెలిసిపోయింది, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఆ పనే చేశాను, ఆ అబిడ్స్‌లోనే. కాకపోతే మా పద్ధతి వేరు.

నాది మెదక్ దగ్గర ఒక చిన్న పల్లె. నాన్నగారు మిషను బడిలో పంతులు. ఆయన పోయాక అమ్మా చెల్లెలూ మిషను కాంపౌండులోనే ఉండిపోయారు, నన్ను మాత్రం నాంపల్లి స్టేషనులో గుమాస్తాగా పనిచేసే మా మేనమామ ఇంటికి పంపారు. యుద్ధం మొదలైన కొత్తలు. నాకప్పటికి పద్దెనిమిదో పంతొమ్మిదో. మామయ్య మంచివాడే గానీ ఆ ఇంట్లో ఆయన మాట చెల్లదు. అత్తయ్య చెడ్డది కాదు గానీ, ఇంటినిండా పిల్లలున్నచోట ఇంకో కంచం పెట్టవలసి వస్తే ఏ ఆడదాని ముఖమైనా ఎలా ఉంటుందో ఆవిడ ముఖమూ అలాగే ఉండేది. పెరటివైపు, రైలు పట్టాల పక్క, బొగ్గులు పోసుకునే గదిని కడిగి నాకిచ్చారు. రైలు వచ్చినప్పుడల్లా గోడ వణికేది. మొదట్లో భయపడేదాన్ని, తరువాత తరువాత రైలు ఆలస్యమైతే తోచేది కాదు, ఎందుకంటే ఆ ఇంట్లో నా గదివైపు వచ్చేది అదొక్కటే. అందరూ లేవకముందే లేవడం, అందరూ తిన్నాక తినడం. ఆదివారం ఆరాధనకు వెళితే సికింద్రాబాదు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు మంచి చీరలు కట్టుకుని, గుడి బయట గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకునేవాళ్లు. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు కాసేపు నిలబడి వచ్చేసేదాన్ని. పల్లెలో అయితే దారిన పోయే మేకల కాపరి కూడా ఎటు పోతున్నావని అడుగుతాడు. ఇంత పెద్ద ఊళ్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

అబిడ్స్‌లో అప్పుడొక పెద్ద దుకాణం ఉండేది. ఇప్పుడు లేదు, దాని పేరెందుకు గానీ. లేసులు, రిబ్బన్లు, సెంటు సీసాలు, స్నోలు, పింగాణీ, అన్నీ విలాయతీ సామానే. యజమాని బొంబాయి సేటు, ఏడాదిలో సగం బొంబాయిలోనే ఉండేవాడు. దుకాణమంతా నడిపేది మున్షీగారు. ఆయన పాత హైదరాబాదు మనిషి, హిందువే గానీ షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకుని, రూమీ టోపీతో, ఎదుట నిలబడితే నవాబుగారేమో అనిపించేవాడు. మా మామయ్యకు చిన్ననాటి స్నేహితుడు. ఇంట్లో ఒక కంచం తగ్గకపోయినా ఆ కంచానికి సరిపడా జీతం వస్తే చాలునని మామయ్య ఆయనకు చెప్పి నన్ను అక్కడ పెట్టించాడు.

ఆడపిల్లకు దుకాణంలో పనేమిటని మీరనవచ్చు. ఆ రోజుల్లో పెద్దింటి ఆడవాళ్లు ఘోషా పాటించేవాళ్లని మా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, నవాబుల ఇళ్లలోనే కాదు, మన దొరల ఇళ్లలోనూ. వాళ్లు దుకాణం మెట్లెక్కరు. అద్దాలకు తెరలు కట్టిన మోటారు వచ్చి వాకిట్లో ఆగేది, మేం సామానును పళ్లెంలో పెట్టి పంపాలి. మగవాళ్లు తీసుకెళితే పళ్లెం ఒక్కటే తెర సందులోంచి లోపలికి పోయేది, లోపల ఏం జరుగుతున్నదో ఎవరికీ తెలియదు. నిండుగా పోయిన పళ్లెం వెలితిగా తిరిగొచ్చేది. తెర లోపలికి పోయి పక్కన కూర్చోగల ఆడపిల్ల ఒకతె ఉండాలని సేటు అన్నాడట. మిగతా ఇళ్లవాళ్లు తమ పిల్లల్ని అలాంటి పనికి పంపరు, మిషను పిల్లనైతే ఎవరూ ఏమీ అనుకోరు. అలా దొరికింది నాకా ఉద్యోగం. పేరుకు అమ్మకం, నిజానికి కాపలా.

మొదటి రోజే మున్షీగారు నన్ను ఎదురుగా నిలబెట్టి, "చూడు బిడ్డా, మన దుకాన్ల చోరీ అన్న మాట లేదు. ఏదన్న కనవడకుంటె హవాకు పోయింది అనాలె. మనుషులకు గాలి తిరుగుడు కావాలె గద, సామాన్‌కు గూడ గంతే. పోయినదాన్ని ఇజ్జత్‌తోని ఇంటికి తోల్కరావాలె, సమజైందా?" అన్నారు. నాకేమీ సమజు కాలేదు. తల మాత్రం ఊపాను.

వారం పది రోజులు పోయాక అర్థమైంది. ఒక రిబ్బను చుట్టో, సబ్బు బిళ్లో మాయమైతే, ఆ బల్ల దగ్గరున్నతను పక్కతనితో, హవాకు పోయిందట అని మెల్లగా అనేవాడు. అంతే, ఎవరూ తలెత్తి చూడరు. మున్షీగారు గుమ్మం దగ్గరికి నడిచిపోయి, వెళ్లబోతున్న ఆ ఖాతాదారుకు కుర్చీ వేయించి, ఎండ గురించి నాలుగు మాటలు మాట్లాడి షర్బత్ తెప్పించేవారు. షర్బత్ సగమయ్యాక, మా వాళ్ల తెలివితక్కువతనం వల్ల మా వస్తువొకటి తమరి సామానులో కలిసినట్టుంది, జర చూస్తారా అని చేతులు నలుపుకుంటూ అడిగేవారు. వాళ్లు ఆశ్చర్యపోతూ తమ సంచీలోంచో జేబులోంచో దాన్ని తీసేవాళ్లు. అప్పుడు అసలు తమాషా జరిగేది. మున్షీగారు వెనక్కి తిరిగి, అమ్మిన మనిషిని దుకాణం దద్దరిల్లేట్టు తిట్టేవారు. కండ్లేడ పెట్టినవ్, పెద్దమనుషుల సామాన్ల మన సామాన్ ఎట్ల కలిపినవ్ అని అరుపులు. చివరికి ఆ దొంగ మారాజే, పోనీలెండి పాపం, తిట్టకండి అని అడ్డం పడేవాడు. ఆయన మెట్లు దిగి వెళ్లాక, తిట్లు తిన్నవాడికి ఎదురుగా ఉన్న ఇరానీ హోటలు నుంచి మలాయి వేసిన చాయ్ మున్షీగారి ఖర్చుతో వచ్చేది. తిట్లు దుకాణం కోసం, చాయ్ మనిషి కోసం అనేవారు ఆయన.

ఈ సంగతి నాకు ముందు ఎవరూ చెప్పలేదు. నన్ను మొదటిసారి తిట్టినప్పుడు నిజమే అనుకుని, గుడ్డల తానుల వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. మున్షీగారు చాయ్ కప్పు స్వయంగా పట్టుకుని వచ్చి, పాపం, నా ఎదురుగా ఆ తానుల మధ్యే కింద కూర్చుండిపోయారు. ఆయన మోకాళ్లు పట్టేసి లేవలేకపోతే ఇద్దరు వచ్చి లేపవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన ఎంత తిట్టినా నాకు నవ్వే వచ్చేది, నవ్వు కనబడకుండా తల దించుకునేదాన్ని. చూసేవాళ్లు సిగ్గుపడుతున్నాననుకునేవాళ్లు.

మగవాళ్లంతా మధ్యాహ్నం ఒకచోట చేరి నవ్వుకుంటూ తినేవాళ్లు. నేను ఆ తానుల వెనకే నా డబ్బా విప్పుకుని తినేదాన్ని. నా వంక ఎవరూ చెడుగా చూడలేదు, మంచిగానూ చూడలేదు. ఆడపిల్లతో మాట్లాడితే బాగుండదని వాళ్ల మర్యాద. ఆ మర్యాద వల్ల ఒక్కోరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా గొంతు నాకే వినబడేది కాదు. నాంపల్లి దారిలో మొజంజాహీ మార్కెట్ పక్కనుంచి నడిచిపోతూ, కొనకపోయినా జామకాయల ధర అడిగేదాన్ని, ఒక మాట మాట్లాడినట్టుంటుందని.

అటువంటప్పుడు వచ్చింది ఆ మోటారు. నల్లది, తెల్ల తెరలు. రెడ్‌హిల్స్ మీది ఒక దొరగారి బంగళాది. మీరు గురువారం అంటారు, మాకు బేస్తవారం. ప్రతి బేస్తవారం మధ్యాహ్నం వచ్చి ఆగేది. లోపల ఆ ఇంటి చిన్నకోడలు, చిన్న దొరసాని అనేవాళ్లు, ఆమెకు తోడు సరిగ్గా చెవులు వినబడని ఒక ముసలి దాసి. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, అంతే. సన్నగా, ముక్కుపుడక కంటే ముఖం చిన్నదిగా ఉండేది. పళ్లెం ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుని ఒక్కొక్కటే చూపించేదాన్ని. ధర అడిగేది కాదు, బేరం లేదు. రెండు వస్తువులు తీసుకునేది, నేను పళ్లెంతో దిగిపోయేదాన్ని. దుకాణంలోకి వచ్చి చూసుకుంటే పళ్లెంలో ఏదో ఒకటి వెలితిగా ఉండేది.

విచిత్రమేమిటంటే ఆమె ఎప్పుడూ పూర్తి వస్తువు తీసేది కాదు. సెంటు సీసా ఉండేది, దాని బిరడా ఉండదు. జత క్లిప్పుల్లో ఒకటి ఉండేది. పౌడరు డబ్బా ఉండేది, మూత ఉండదు. మున్షీగారు తలగోక్కున్నారు. ఇరవై ముప్ఫై ఏళ్లుగా ఎన్నో రకాల హవాలు చూశాను గానీ బిరడా మాత్రం తీసుకునే మనిషిని చూడలేదు అన్నారు. మోటారు ఇంకా కదలకముందే నన్ను వెనక్కి పంపేవారు, నేను తెర ఎత్తి, అమ్మా, మాదొకటి మీ కుచ్చెళ్లలో పడిందేమో చూడండి అని అడిగేదాన్ని. ఆమె అయ్యో అని, నన్ను కూర్చోమని, సీటు కిందా, చీర మడతల్లో, దాసి ఒళ్లో, తీరుబడిగా వెతకడం మొదలుపెట్టేది. వెతుకుతూ అడిగేది, మాది ఏ ఊరు, అక్కడ ఏం పండుతాయి, మా అమ్మ ఏం చేస్తుంది, రైలు ఇంటి పక్కనుంచే పోతే నిద్రెట్లా పడుతుంది అని. అన్నిటికంటే ముందు మాత్రం, "తిన్నవా పిల్లా?" అని అడిగేది. అమ్మ దగ్గరి నుంచి వచ్చేశాక ఆ మాట నన్ను అడిగిన మనిషి ఆమె.

ఒక బేస్తవారం, ఆమె వెతకడం మొదలుపెట్టీ పెట్టకముందే ఆమె చీర మడతలోంచి బిరడా జారి నా కాలి దగ్గర పడింది. నేను తీశాను. ఆమె ముఖంలో సిగ్గు లేదు, భయం లేదు, చిన్నపిల్లకు ఆట మధ్యలో ఇంటికి పిలుపు వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. "అప్పుడే దొరికిందా?" అంది. అంతకుముందు ఆమె మాటల మధ్య చెప్పినవన్నీ కలిపి చూసుకుంటే నాకప్పుడు తెలిసింది. ఆమె అత్తగారు, పెద్ద దొరసాని, వారానికి ఒక్కసారి, అదీ మోటారు దిగకుండా, పళ్లెం చూసినంతసేపు మాత్రం బయట ఉండనిచ్చేది. పళ్లెం చూడటం అయిపోతే ముచ్చట్లు పెట్టకుండా రావాలని ఆజ్ఞ. దుకాణంవాళ్ల వస్తువు పోయిందంటే మాత్రం వెతికి ఇచ్చేదాకా ఆగక తప్పదు, అది ఇంటి పరువు. దాసి కూడా దానికి అడ్డు చెప్పలేదు. నేను ఆ బిరడాను మళ్లీ సీటు కిందికి తోశాను. ఆమె నా వంక చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేట్టు నవ్వింది. నేనూ నవ్వాను. అబిడ్స్ చౌరస్తాలో, తెల్ల తెరల మధ్య, ఎందుకు నవ్వుతున్నామో అడిగేవాళ్లు లేకుండా నవ్వుకున్నాం.

అట్లా ఒక ఏడాది పైనే గడిచింది. వానాకాలం పోయి బతుకమ్మ రోజులొచ్చినప్పుడు ఆమె తన పుట్టింటి సంగతి చెప్పింది. కరీంనగర్ వైపు పల్లె, వాళ్ల కోటలాంటి గడీలో ఆడవాళ్లంతా పూల బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే చప్పట్లకు ఆకాశం అదిరేదట. ఇక్కడ బంగళాలోనూ పూలు తెప్పిస్తారు, ముసలి దాసి పేరుస్తుంది, అత్తగారు మంచం మీదినుంచి చూస్తుంది. "ఒక్కదాన్నే ఎట్ల తిరుగుదు పిల్లా, నా సప్పుడు నాకే ఇనవడ్తది," అంది. భర్త సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, ఆయన ఎక్కువగా మద్రాసులో ఉంటాడని దాసి ద్వారా విన్నాను. మరోసారి, "ఈ బేస్తవారం గూడ బంద్ జేస్తె నేను గోడలతోని మాట్లాడాలె," అని నవ్వుతూనే అంది గానీ నా చెయ్యి వదల్లేదు. నేను ఆ చెయ్యిని ఇప్పటికీ మరిచిపోలేదు, చల్లగా, అరచెయ్యి మాత్రం చెమ్మగా ఉండేది. నా సంగతులూ ఆమెకు చెప్పాను, బొగ్గుల గది, చెప్పులు వెతుక్కోవడం, జామకాయల ధర. ఆ వయసులో నాకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే, ఆమెకు నేనొక్కదాన్నే, మా ఇద్దరి స్నేహమూ ఒక బిరడా దొరికేదాకానే. తిరిగొచ్చాక మున్షీగారు మోటారులోకి వినబడేట్టు మెట్ల మీదినుంచి నన్ను తిట్టడం, ఆ తరువాత చాయ్, ఇవి కూడా మాకు బేస్తవారపు ముచ్చట్లే అయిపోయాయి. అసలు సంగతి మున్షీగారికి నేను చెప్పలేదు. అది ఆమె సంగతి, చెప్పే హక్కు నాకెక్కడిది.

మరుసటి వానాకాలంలో ఒక బేస్తవారం మోటారు వచ్చినప్పుడే మబ్బు కమ్ముకుంది. పళ్లెంలో నీలిరంగు గాజు పౌడరు డబ్బా ఒకటి ఉంది. యుద్ధం వల్ల విలాయతీ సామాను రావడం నిలిచిపోయింది, దుకాణంలో ఉన్నవాటిలో అదే మంచిది. నేను లోపలికి వచ్చి చూస్తే మూత లేదు. మళ్లీ వెళ్దామని గుమ్మం దాకా వచ్చేసరికి కుండపోతగా వాన పడింది, రోడ్డు మీద నీళ్లు పెరుగుతున్నాయని డ్రైవరు మోటారు తీసేశాడు. తెర వెనక ఆమె ఏమనుకున్నదో. నేను వానలో నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయాను. తడిసిన బట్టలతో సాయంత్రం దాకా పనిచేసి, నాంపల్లి చేరేసరికి చలిజ్వరం పట్టుకుంది. మరుసటి బేస్తవారం నేను బొగ్గుల గదిలో ముసుగు తన్ని పడి ఉన్నాను. ఇప్పుడు మోటారు వచ్చి ఉంటుంది, ఇప్పుడు తెర కదిలి ఉంటుంది, ఇప్పుడు వెళ్లిపోయి ఉంటుంది అని రైళ్ల చప్పుడును బట్టి లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

జ్వరం తగ్గి దుకాణానికి వెళ్లిన రోజు మున్షీగారు ఎంతో సంబరంగా ఎదురొచ్చారు. పెళ్లివారు కట్నాలు చదివించినప్పటి ముఖంతో, మోటారు వచ్చి పళ్లెం తీసుకుపోయే ఆడమనిషి లేక తిరిగి వెళ్లిందనీ, తాను బాగా ఆలోచించాననీ చెప్పారు. ఆ తల్లి దగ్గర ఒక మూత ఉండిపోయింది, ఎలా తిరిగివ్వాలో తెలియక ఎంత నలిగిపోతున్నదో, అడగడానికి మనిషి లేదు, అడిగితే ఇన్ని రోజుల తరువాత అవమానం. మూత లేని డబ్బాను మనమేం చేసుకుంటాం? అందుకని ఆ డబ్బాను మంచి కాగితంలో చుట్టి, మా పొరపాటు వల్ల సగమే పంపాము, మిగతా సగం ఇదిగో, మన్నించండి అని చెప్పమని చప్రాసీతో బంగళాకు పంపారట. "ఇజ్జత్‌తోని సాఫ్ జేసిన బిడ్డా, ఇగ ఆ తల్లికి ఫికర్ లేదు," అన్నారు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. ఆ బంగళాలోకి వచ్చే ఏ మూటైనా ముందు పెద్ద దొరసాని చేతుల్లోకి పోయి తరువాతే ఎవరిదైనా అవుతుందని చిన్న దొరసాని నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఎవరినీ దొంగ అనకూడదని జీవితమంతా కాపాడుకుంటూ వచ్చిన మనిషి, ఆ మర్యాద కొద్దీ, దొంగసొత్తు రెండో సగాన్ని తీసుకెళ్లి అత్తగారి ఒళ్లో పెట్టారు.

ఆ బేస్తవారం మోటారు వచ్చింది. నేను పళ్లెం పట్టుకుని పరుగున వెళ్లి తెర ఎత్తితే లోపల ముసలి దాసి ఒక్కతే ఉంది. సబ్బులు తీసుకురమ్మని పంపారట. నా ముఖం చూసి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇగ రాదు బిడ్డా. మూత పెట్టెల దొరికింది. పెద్దామె అన్నం గూడ తినలె ఆ దినం. దొరల ఇంట్ల పుట్టి గీ పనేంది అని ఒక్కటే తిట్టుడు. గడప దాటియ్య అని ఒట్టు పెట్టుకున్నది," అంది. చిన్న దొరసాని ఏమన్నది అని ఆమె చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగాను. ఏమీ అనలేదట. ఎందుకు తీశావని అడిగితే కూడా ఏమీ చెప్పలేదట. చెబితే ఏమవుతుంది, ఒక దుకాణం పిల్లతో మాట్లాడటానికి అని ఆ ఇంట్లో ఎవరికి చెబుతుంది, చెప్పినా దొంగతనం కంటే అదే పెద్ద తప్పవుతుంది.

మున్షీగారికి అప్పుడు అంతా చెప్పాను. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. జుట్టు అంత పలచబడిందని నాకు ఆ రోజే తెలిసింది. నాలుగు రోజులు ఎవరినీ తిట్టలేదు, దుకాణమంతా ఎవరో పోయినట్టుగా ఉంది. తరువాత ఆయనే రెడ్‌హిల్స్ వెళ్లి, ఎండలో బయట నిలబడి, మా దుకాణం ఇకపై పెద్దింటివారికి పళ్లెం ఇంటికే పంపుతుందని బంగళా మేనేజరును ఒప్పించి వచ్చారు.

పళ్లెం నేనే సర్దాను. ఆయన పక్కన నిలబడి చూశారు. దుకాణంలో బిరడా ఉన్న ప్రతి సీసా, మూత ఉన్న ప్రతి డబ్బా, జతగా ఉన్న ప్రతి క్లిప్పూ ఏరి పెట్టాను. విడిపోయే గుణం లేని వస్తువు ఒక్కటీ పెట్టలేదు. ఆయన ఒక గాజు గిన్నె తెచ్చి, దీనికీ మూత ఉన్నది అని నా చేతికిచ్చారు.

బంగళాలో పెద్ద దొరసాని మంచి మనిషే. కుర్చీ వేయించింది, మజ్జిగ ఇప్పించింది. నేను ఆమెను రాక్షసి అనుకుని వెళ్లాను, తీరా చూస్తే కీళ్లనొప్పులతో కాళ్లు చాపుకుని కూర్చున్న పెద్దావిడ. చిన్న దొరసాని ఆమె వెనక, తలుపు వారగా, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను కింద దుప్పటి పరిచి అన్నీ పెట్టాను. మూతలు తీసి విడిగా పెట్టాను, బిరడాలు తీసి ఆమెవైపు దొర్లేట్టు పెట్టాను. మజ్జిగ తాగే నెపంతో ముఖం పక్కకు తిప్పుకుని ఎంతసేపు తాగవచ్చో అంతసేపూ తాగాను. పెద్దావిడ తనకు కావలసింది తీసుకుని, నువ్వూ చూసుకో అని కోడలితో అంది. "నాకేమొద్దత్తా," అంది ఆమె. నా వైపు ఒకసారి చూసింది. తిన్నావా అని అడుగుతుందేమో అనుకున్నాను. అత్తగారు, "పిల్లా, అన్ని సరింగ ఉన్నయా సూస్కో, ఎనుకంగ మా ఇంట్ల పోయిందనొద్దు," అంది. నేను చూసుకోకుండానే ఉన్నాయమ్మా అని మూట కట్టేశాను. ముడి వేసేటప్పుడు కూడా, వదులుగా, ఒక చెయ్యి దూరేంత సందు ఉంచి వేశాను.

టాంగా రెడ్‌హిల్స్ దిగి నాంపల్లి స్టేషను ముందుకు వచ్చేదాకా మూట విప్పే ధైర్యం రాలేదు. అక్కడ జనంలో టాంగా ఆగినప్పుడు ఒళ్లో పెట్టుకుని విప్పాను. బిరడాలు సీసాలకు పెట్టాను. మూతలు డబ్బాలకు పెట్టాను. క్లిప్పులు జతలు కలిపాను. ఏదైనా ఒక్కటి, ఒక్క చిన్న బిరడా తక్కువైతే చాలు, టాంగాను అక్కడికక్కడే వెనక్కి తిప్పించేదాన్ని. ఏదీ తక్కువ కాలేదు. గాజు గిన్నె మూత కూడా దాని మీదే ఉంది.

మున్షీగారు దుకాణం మెట్ల మీద నిలబడి ఉన్నారు. నేను టాంగా దిగుతుంటే చేతిలో మూట అందుకుని, మెల్లగా, "ఏమన్న హవాకు పోయిందా బిడ్డా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన తల ఊపి లోపలికి పోయారు. కాసేపటికి చాయ్ వచ్చింది, నన్ను ఎవరూ తిట్టకపోయినా. దాన్ని తానుల వెనక కూర్చుని తాగాను, ఏడుస్తూనే తాగాను.

ఆ బంగళా నుంచి మళ్లీ పిలుపు రాలేదు. యుద్ధం అయిపోయింది, నైజాం రాజ్యం పోయింది, మోటార్లకు తెరలు పోయాయి, అవన్నీ పోవలసినవే, నాకు వాటి మీద బెంగ లేదు. ఆడవాళ్లు తమంతట తాము దుకాణాలకు వచ్చి, తమకు కావలసింది తమ చేత్తో తీసుకుని పోతున్నారు. చిన్న దొరసాని ఈ కాలంలో పుట్టి ఉంటే ఆమె కూడా అలాగే ఎక్కడో ఒక దుకాణంలో తిరుగుతూ ఉండేది, ఆమె కోసమైనా నేను ఈ కాలానికి దండం పెడతాను. కానీ ఒకటి. ఇప్పుడు మూతలన్నీ సీలు వేసి వస్తున్నాయి, ఏదైనా పోతే యంత్రమే పట్టుకుంటుంది, పోయిన వస్తువు కోసం ఒక మనిషి ఇంకో మనిషి పక్కన కూర్చుని, మాదేమైనా మీలో కలిసిందేమో చూడమ్మా అని అడగవలసిన పని ఎవరికీ లేదు. పోయినవి దొరకాలని ప్రార్థించేవాళ్లను గుడిలో ఎందరినో చూశాను. ఏదీ పోలేదని ఏడ్చినదాన్ని మాత్రం నన్నొక్కదాన్నే ఎరుగుదును, రెడ్‌హిల్స్ మీద ఇంకొకరు కూడా ఏడ్చారో లేదో నాకు తెలియలేదు.